మార్పుచేసిన మోటారుసైకిలు : విద్యుద్దోషముల నిదానము

 

నేడు నేను ప్రసంగింపదలచిన విషయము మోటారుసైకిలు. ఈ మాట వినగానే "వ్యాకరణము చెప్పుకొను పంతులునకు మోటారుసైకిలుతో నేమి పని?" యని మీలో గొందఱు నవ్వుకొనవచ్చును. పని యున్నది. నేను ముప్పదియేండ్లకు పైగా బడిలో బిల్లలకు జెప్పినది సంధులును సమాసములును మాత్రమే కాదు. కార్యమును జూచి కారణము నూహించు పద్ధతియు జెప్పితిని. దానిని శాస్త్రకారులు తర్కమనిరి; వైద్యులు నిదానమనిరి. బాటలో నాగిపోయిన బండియొద్ద జేయవలసిన పనియు నదియే. కావున నీ విషయమున మాటాడుటకు నాకును గొంత యధికారము కలదని తలంచుచున్నాను.

ఇక మీకు దీనితో నేమి పని యందురా? మీ యింటి మనుమడో మేనల్లుడో యొక పాత బుల్లెట్టును గొనియుండును. ఆ బండి మనకు గ్రొత్తది కాదు. 1955వ సంవత్సరమున మద్రాసులో ఎన్‌ఫీల్డు ఇండియా సంస్థ యేర్పడినది మొదలు దాని వంశము మన దేశమున వర్ధిల్లుచునే యున్నది. కాని కర్మాగారమునుండి వచ్చిన రూపమున దానిని నడుపుట యువకులకు రుచింపదు. ఒకడు ఎత్తైన హ్యాండిలు బిగించును. ఒకడు వెనుక మడ్గార్డును గోయించి చిన్నదిగా జేయును. ఒకడు ముందఱ రెండు పెద్ద దీపములను జేర్చును. ఒకడు చట్రమునకంతకు నల్లరంగు పూయించును. ఇండికేటర్లు మాఱును, హారను మాఱును, బ్యాటరీ సీటు క్రిందనుండి వేఱొక చోటికి బోవును. ఇన్ని మార్పులలోను వైరులను దెంపక, అతుకక తప్పదు. చేయి మాఱినకొలదియు నతుకులు పెరుగును. తుదకు ఏ వైరు ఎచ్చటికి బోవుచున్నదో ఎఱిగినవా డొక్కడును నుండడు.

ఆ బండిమీదనే వాడు రాత్రివేళ పట్టణమునుండి యింటికి రావలయును. కోతలకాలమున మన బాటలమీద ధాన్యము ఆరబోసి యుందురు. వెనుకదీపము లేని ట్రాక్టరు తొట్టి చీకటిలో నిలిచియుండును. అట్టి చోట హెడ్‌లైటు హఠాత్తుగా నాఱిపోయినచో నేమగునో మీకు వేఱుగ జెప్పనక్కఱలేదు. అంతేకాదు, వైరులకట్ట పెట్రోలు ట్యాంకు క్రిందనే పోవుచుండును. అచ్చట వైరు ఒఱసికొని నిప్పు రవ్వ పుట్టినచో బండియే కాదు, దానిపై నున్నవాడును అపాయమున బడును. ఇది వేడుకకు సంబంధించిన మాట కాదు; ప్రాణమునకు సంబంధించినది.

మొదట విద్యుత్తు స్వభావమును గొంచెము తెలిసికొందము. కాలువ క్రింద సేద్యము చేసినవారికి ఇది కష్టము కాదు. చెఱువులో నీటిమట్టము ఎంత యెత్తున నున్నదో అది వోల్టు. తూముగుండ ఎంత నీరు పాఱుచున్నదో అది ఆంపియరు. కాలువలో బూడిక, గడ్డి, ఇఱుకు ఎంత యున్నదో అది అవరోధము. దానిని ఓములతో గొలుతురు. ఈ మూడింటి సంబంధమును 1827వ సంవత్సరమున బ్రకటించిన జర్మను పండితుడు జార్జి సైమన్ ఓము. ఆయనయు బడిపంతులే. వోల్టులను ఓములచే భాగించినచో ఆంపియర్లు వచ్చును. వోల్టులను ఆంపియర్లచే గుణించినచో వాట్లు వచ్చును. మన నిదానమున కీ రెండు లెక్కలు చాలును.

కాని కాలువకును వైరునకును ఒక భేదము కలదు. చేనికి బాఱిన నీరు చేనిలో నింకిపోవును. విద్యుత్తు అట్లుగాక, బయలుదేఱిన బ్యాటరీకే తిరిగి రావలయును. పోవు మార్గము వైరు. వచ్చు మార్గము తఱచుగా బండియొక్క యినుప చట్రమే. మెకానిక్కులు దీనినే ఎర్తు అందురు. పోవుదారియందు దెగినను, వచ్చుదారియందు దెగినను ఫల మొక్కటియే: దీపము వెలుగదు. మనవారు పోవుదారినే వెదకి వచ్చుదారిని మఱచుచుందురు. సగము బాధ లిందువలననే కలుగుచున్నవి.

ఇక నిదానపద్ధతి. వైద్యుడు రోగిని జూడగానే మందు పోయడు. ఎప్పటినుండి, ఏ వేళ, ఏమి తిన్నతరువాత నని యడుగును. బండివిషయమునను మూడు ప్రశ్నలు వేయవలయును. దోషము కనబడుటకు ముందు బండిలో నేమి మార్చితిరి? దోష మెల్లప్పుడు నున్నదా, అప్పుడప్పుడు కలుగుచున్నదా? కలిగినప్పుడు బండి యే స్థితిలో నున్నది, అనగా వేడిగానా, వానలోనా, గతుకులలోనా, మలుపులోనా? తర్కశాస్త్రమున అన్వయ వ్యతిరేకము లని చెప్పుదురు. ఏది యున్నప్పుడు దోషముండునో, ఏది లేనప్పుడు దోషము లేకుండునో, దానియందే కారణమును వెదకవలయును. ఈ నియమమును విడిచి భాగముల నొక్కొక్కటిగా గొని మార్చువాడు ధనమును బోగొట్టుకొనును. దోషమో యట్లే యుండును.

దీనికొక దృష్టాంతము. మా పొరుగూరి యువకుని బండి నడుమబాటలో నాగుచుండెను. అతడు క్రొత్త బ్యాటరీ వేయించెను. రెండు దినములు బాగుగనే నడిచెను, మఱల నాగెను. పిదప ఇగ్నిషను కాయిలు మార్పించెను, మఱల నాగెను. వేలరూపాయలు వ్యయమైనవి. "ఎచ్చట నాగుచున్నది నాయనా?" యని యడిగితిని. "కాలువగట్టు మలుపున పంతులుగారూ" యనెను. "పోవునప్పుడా, వచ్చునప్పుడా?" "పోవునప్పుడే నండీ." పోవునప్పు డా మలుపు ఎడమకు దిరుగును. బండిని స్టాండుపై నిలిపి ఇంజను నడిపించి హ్యాండిలును మెల్లగా నెడమకు ద్రిప్పించితిని. వెంటనే యాగెను. కుడికి ద్రిప్పగా నాగలేదు. తరువాత హ్యాండిలును నిటారుగా నుంచి, మెడయొద్ద నున్న వైరులకట్టను మాత్రము చేతితో గదలించితిమి. అప్పుడు నాగెను. వైరులకట్టకు బిగువు లేకుండ వదలుచేసి హ్యాండిలును ఎడమకు ద్రిప్పగా నాగలేదు. ఇంకేమి కావలయును? దోషము హ్యాండిలులో లేదు, బ్యాటరీలో లేదు, కాయిలులో లేదు; ఆ కట్టలో నున్నది.

టేపు విప్పి చూడగా, ఇంజను నాపు స్విచ్చికి బోవు వైరు పైతొడుగు చెడక యున్నది, లోపలి రాగితీగెలు మాత్రము తెగియున్నవి. తక్కువ ఎత్తు హ్యాండిలునకు గొలిచి వేసిన వైరును ఎత్తైన హ్యాండిలునకు లాగి కట్టుటచేత ద్రిప్పినప్పు డెల్ల నది బిగిసి తెగినది. జానెడు వైరు చేర్చి యతుకగా బాధ తీఱినది. క్రొత్త బ్యాటరీ వేసిన రెండు దినములు నడుచుట కాకతాళీయము. కాకి వ్రాలుట తాటిపండు రాలుటకు హేతువు కాదు. పొడుగు హ్యాండిలు బిగించినవారు ఆ వైరులను గూడ పొడిగింపవలయునని దీనివలన గ్రహింపదగును.

పరీక్షకు ముందు కావలసిన పనిముట్లు స్వల్పము. ఒక మల్టీమీటరు, పన్నెండు వోల్టుల ఇరువదియొక్క వాట్ల బల్బునకు రెండు వైరులు కట్టిన టెస్టు ల్యాంపు, గరుకు కాగితము, ఒక స్పానరు. వైరులపై చేయివేయుటకు ముందు తాళము తీసివేసి బ్యాటరీయొక్క నెగటివు వైరును మొదట విప్పవలయును. పాజిటివును మొదట విప్పబూనినచో స్పానరు చట్రమునకు దగిలి మంట లెగయును. మఱల బిగించునప్పుడు నెగటివు కడపటిది. పెట్రోలు వాసన వచ్చుచున్నచో అసలు పని మొదలుపెట్టనే రాదు.

మొదటి పరీక్ష బ్యాటరీ. పూర్వపు బండ్లలో 6 వోల్టుల బ్యాటరీ లుండెడివి. తరువాత 12 వోల్టులు వచ్చినవి. పాతబండిని మార్చునప్పుడు ఏది యెంతయో చూచుకొనవలయును. 6 వోల్టుల బల్బు 12 వోల్టుల బండిలో క్షణమున మాడిపోవును. 12 వోల్టుల సీసపు బ్యాటరీ నిండుగా నుండి విశ్రాంతిలో నున్నప్పుడు మీటరు సుమారు 12.6 మొదలు 12.8 వఱకు జూపును. 12.0కు దిగినచో దాదాపు వట్టిపోయినట్లే. ఇంజను నడిపి వేగము గొంచెము పెంచినప్పుడు 13.5 మొదలు 14.5 వఱకు పెరుగవలయును. పెరుగనిచో బ్యాటరీకి నీరు పాఱుట లేదన్నమాట. కాయిలునో, రెక్టిఫయరునో, నడుమనున్న కప్లరునో చూడవలయును. 15 దాటినచో రెక్టిఫయరు అదుపు దప్పినది. బల్బులు మాడును, బ్యాటరీ ఉడికిపోవును. రెక్టిఫయరునకు గాలి తగులవలయును. అందము కొఱకు దానిని సీటు క్రింద మూసిపెట్టినవారికి అది త్వరలోనే చెడును.

రెండవది ఎర్తు. చట్రమునకు గ్రొత్తరంగు పూయించిన బండ్లలో నిదియే మొదటి యనుమానము. రంగు విద్యుత్తును బోనీయదు. ఎర్తు వైరుయొక్క వలయమును రంగుమీదనే బిగించినచో, తూమునకు మట్టికట్ట వేసినట్లగును. దీని లక్షణములు విచిత్రములు. బ్రేకు నొక్కగా ఇండికేటరు మినుకుమినుకు మనును. హారను మ్రోగగా దీపము తగ్గును. సెల్ఫు నొక్కగా టకటక యను శబ్దమే గాని ఇంజను తిరుగదు. విద్యుత్తు తనదారి మూసినందున ఒరులదారిని బట్టిపోవుటచేత నిట్లగును. పరీక్ష సులభము. మీటరును వోల్టులలో నుంచి ఒక కొసను బ్యాటరీ నెగటివునకును, రెండవకొసను ఇంజను లోహమునకును దాకించి సెల్ఫు నొక్కుడు. మీటరు అరవోల్టునకు మించి చూపినచో ఆ దారిలో దోష మున్నది. బోల్టు విప్పి, రంగును గీకి, లోహము మెఱయునట్లు చేసి బిగించి, తుప్పు పట్టకుండ గొంచెము గ్రీసు రాయవలయును.

మూడవది ఫ్యూజు. ఈ మాట మీకు బాగుగ దెలియును. చేని మోటారు స్టార్టరులో ఫ్యూజు పలుమాఱు పోవుచున్నదని లావు రాగితీగె చుట్టి, మోటారునే కాల్చుకొనినవారిని మన మెఱుగుదుము. బండిలోను అదే తప్పు చేయుచున్నారు. ఫ్యూజు దోషము కాదు. దోషమును జెప్పు దూత. దూతను జంపినంతమాత్రమున శత్రువు పోడు. ఫ్యూజు మఱల మఱల పోవుచున్నచో ఎచ్చటనో వైరు చట్రమునకు దాకుచున్నది. అన్ని స్విచ్చిలను ఆపి, తాళము పెట్టి, ఫ్యూజునకు బదులుగా టెస్టు ల్యాంపును దగిలింపుడు. బల్బు మిక్కిలిగా వెలిగినచో దోష మప్పుడే యున్నది. వెలుగనిచో ఒక్కొక్క స్విచ్చినే వేసి చూడుడు. దేనిని వేయగా బల్బు పూర్తిగా ప్రకాశించునో ఆ శాఖలో వెదకుడు. బల్బు అడ్డుగా నుండుటచే రెండు ఆంపియర్లకు మించి పాఱదు, వైరు కాలదు. ఇక కప్లర్ల నొక్కొక్కటిగా విప్పుచు రాగా, దేనిని విప్పినప్పుడు బల్బు ఆఱునో దానికి ఆవల దోష మున్నది. కోసిన మడ్గార్డునకు వెనుకచక్రము తగిలి వైరు ఒఱసికొనుట, ట్యాంకు అంచున నలుగుట, వేడిగొట్టమునకు దాకి తొడుగు కరగుట, ఇవి సాధారణముగా గనబడు కారణములు.

నాలుగవది అధికభారము. ముందఱ 55 వాట్ల దీపములు రెండు చేర్చినచో 110 వాట్లు. దానిని 12చే భాగించినచో సుమారు తొమ్మిది ఆంపియర్లు. అసలు దీపమునకు 60 వాట్లైనచో ఐదు ఆంపియర్లు. ఐదింటికి వేసిన సన్నని వైరు, చిన్న స్విచ్చి పదునాలుగింటిని మోయగలవా? పిల్లకాలువలో పెద్దకాలువ నీరు వదలినచో గట్టు తెగును. ఇంకొక లెక్క చూడుడు. అతుకులో 0.2 ఓముల అవరోధ మున్నదనుకొందము. ఎనిమిది ఆంపియర్లు పాఱినచో అచ్చట 1.6 వోల్టులు నష్టమగును. దాదాపు 13 వాట్ల వేడి ఆ చిన్న అతుకులోనే పుట్టును. దీపపు వెలుగు మూడింట నొకవంతునకు పైగా తగ్గును. కాంతి కొఱకు దీపము గొని, ఆ ధనముతో అతుకును గాల్చినట్లగును. దీనికి సరియైన యుపాయము రిలే. స్విచ్చి రిలేకు సైగ మాత్రమే చేయును. పెద్ద ప్రవాహము బ్యాటరీనుండి ఫ్యూజుద్వారా లావు వైరులో దీపమునకు నేరుగ బోవును. ఐనను బండి యుత్పత్తిచేయు విద్యుత్తునకు మితి కలదు. రాబడిని మించిన వ్యయమైనచో బ్యాటరీ ఋణమున బడును.

ఐదవది ఎల్‌ఈడీ ఇండికేటర్లు. పాత బల్బులు రెండు కలిసి 42 వాట్లు తీసికొనెడివి. ఇవి కొలది వాట్లే. అంత భారమునకు అలవడిన పాత ఫ్లాషరు ఈ స్వల్పభారమును జూచి బల్బు పోయినదని భ్రమించును. అతివేగముగ మినుకును, లేదా అసలే మినుకదు. ఎల్‌ఈడీలకు దగిన ఎలక్ట్రానికు ఫ్లాషరు వేసినచో సరిపోవును. మీటరుపై కుడియెడమలకు ఒకటే సూచికదీప మున్న బండ్లలో మఱియొక వింత: ఒకవైపు స్విచ్చి వేయగా నాలుగును మినుకును. విద్యుత్తు ఆ చిన్నదీపముగుండ రెండవవైపునకు దాటుటయే కారణము. రెండు డయోడులు వేసి సూచికదీపమునకు వేఱుగా ఎర్తు ఇచ్చినచో తీఱును. ఇండికేటరు తప్పు చెప్పుట చిన్నవిషయము కాదు. వెనుకవచ్చు లారీవాడు దానినే నమ్మి బండి నడుపును.

ఆఱవది, నిలిపిన బండిలో బ్యాటరీ తానై దిగిపోవుట. తాళము తీసివేసి, నెగటివు వైరును విప్పి, ఆ రెంటి నడుమ మీటరును ఆంపియర్లలో నుంచి చూడవలయును. అట్లుంచినప్పుడు సెల్ఫు నొక్కరాదు, మీటరు పాడగును. కొలది మిల్లీ ఆంపియర్లు దోషము కాదు. 50 మిల్లీ ఆంపియర్లు కాఱుచున్నచో, 9 ఆంపియరు గంటల బ్యాటరీ ఏడున్నర దినములలో వట్టిపోవును. ఫ్యూజుల నొక్కొక్కటిగా దీయుచు, దేనితో కాఱుట నిలుచునో చూడుడు. తఱచుగా ఫోను చార్జరో, దొంగల భయమున బెట్టిన అలారమో తాళమునకు ముందుగా నేరుగ బ్యాటరీకి గట్టబడి యుండును.

వానలో మాత్రము చెడు బండికి అతుకులే కారణము. మెలివేసి టేపు చుట్టిన అతుకులో నీరు దిగి రాగి పచ్చబడును. తగిన క్రింపు తొడుగు నొక్కి, దానిపై వేడికి బిగిసికొను గొట్టము వేయించుట మేలు.

క్రొత్త బండ్ల విషయమున నొక హెచ్చరిక. 2020 ఏప్రిలు 1వ తేదీనుండి బీఎస్-6 నియమము వచ్చినపిదప బండ్లలో ఇంధనమును గూడ చిన్న కంప్యూటరే పాలించుచున్నది. బ్రేకు జాఱకుండ గాపాడు ఏబీఎస్‌నకు వేఱొకటి కలదు. వాని వైరులకు టెస్టు ల్యాంపు దాకింపరాదు, మల్టీమీటరుతోనే కొలువవలయును. ఇంజను నడుచుచుండగా బ్యాటరీ విప్పరాదు. వెల్డింగునకు ముందు బ్యాటరీని, కంప్యూటరు కప్లర్లను విప్పవలయును. అట్టి బండిలో వైరులు తెంపి దీపములు చేర్చుట తగదు.

చట్టమును గూడ దెలిసికొనుడు. 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టమున 52వ సెక్షను, రిజిస్ట్రేషనునందలి వివరములకు విరుద్ధముగ బండిని మార్చుట కూడదని చెప్పుచున్నది. 2019లో జరిగిన సవరణచేత, అనుమతి లేని మార్పు చేసినవారికి ఒక్కొక్క మార్పునకు 5,000 రూపాయల జరిమానాయో, ఆఱునెలల వఱకు జైలో, రెండునో విధింపవచ్చును. పలుస్వరముల హారను నిషిద్ధము. ఎదుటివాని కన్నులు చెదరగొట్టు దీపము చట్టమునకే కాదు, ధర్మమునకును విరుద్ధము.

పెద్దలారా, ఇంతయు విని "బండి అమ్మిపాఱవేయు"మని పిల్లవానిని గద్దింపకుడు. గద్దించినచో వాడు బండిని మానడు. మీకు జెప్పుటను మానును. దగ్గఱ గూర్చుండబెట్టుకొని, యొక నోటుపుస్తక మిచ్చి, బండిలో చేసిన ప్రతి మార్పును, ఏ రంగు వైరు ఎచ్చటికి బోవునో, ఏ ఫ్యూజు ఎన్ని ఆంపియర్లదో వ్రాయుమనుడు. పొలము పట్టాను దాచినట్లు దానిని దాచుడు. సీటు క్రింద రెండు సరియైన ఫ్యూజులుంచుమనుడు. సాయంకాలము బయలుదేఱుటకు ముందు ముందుదీపము, వెనుకదీపము, బ్రేకుదీపము, ఇండికేటర్లు వెలుగుచున్నవో లేదో మీరే నిలిచి చూడుడు. అరనిమిషపు పని. వెనుకదీపమును బండిమీద గూర్చున్నవాడు తాను చూడలేడు; దానిని జూచి చెప్పవలసినవారు ఇంటనున్న పెద్దలే.